అనుభవం వాళ్ళది, పేరు ఎవరిది?

ఊరికి సోలార్ దీపం వస్తే, అది రాత్రి ఎన్నింటికి మసకబారుతుందో, ముసురు పట్టిన రోజుల్లో ఎన్ని గంటలు ఆగుతుందో, నెలవారీ డబ్బు కట్టటానికి ఏ ఖర్చు తగ్గించుకోవాలో అందరికంటే ముందు తెలిసేది ఆ ఇంటి ఆడమనిషికి. వంట, నీళ్ళు, పిల్లల చదువు, గొడ్ల పని అన్నీ ఆ కాస్త వెలుగు చుట్టూ సర్దుకోవలసింది ఆమే కాబట్టి. సర్వేకి వచ్చినవాళ్ళకి ఆమె ఈ సంగతులన్నీ చెప్తుంది. వాళ్ళు రాసుకుంటారు. అది నివేదిక అవుతుంది. నివేదిక పరిశోధనా వ్యాసమవుతుంది. ఆ వ్యాసాన్ని ఇంకో పదిమంది తమ వ్యాసాల్లో ఉటంకిస్తారు. ఎప్పటికో ఒక పథకంలో ఆ మాట చేరుతుంది. ఇంత దూరం నడిచిన మాటకి మొదటి మజిలీలోనే చెప్పినామె పేరు రాలిపోతుంది. రెండో మజిలీలో ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చిన కార్యకర్త పేరు రాలిపోతుంది. చివరిదాకా మిగిలేది వ్యాసం మీద అచ్చయిన పేర్లు మాత్రమే.

పనికి కూలి అడగటం, భూమికి పట్టా అడగటం, ఇంటి చాకిరీని పనిగా లెక్కించమనటం స్త్రీల ఉద్యమాలకి కొత్త కాదు. చెప్పిన మాటకి, పోగుచేసిన జ్ఞానానికి పేరు అడగటం మాత్రం ఇంకా మనకి అలవాటు కాలేదు. అదేదో విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాల కోసం పడే తగువు అనుకుంటాం. కానీ అది కూడా హక్కుల సమస్యే. పల్లెల సౌర విద్యుత్తు సంగతి చూస్తే ఇది స్పష్టంగా అర్థమవుతుంది.

సౌర మినీగ్రిడ్ అంటే ఊరికంతా కలిపి ఒకచోట సోలార్ పలకలు పెట్టి, పగలు తయారైన కరెంటుని బ్యాటరీల్లో నిలవచేసి, తీగల ద్వారా ఇళ్ళకి ఇచ్చే చిన్న ఏర్పాటు. పెద్ద లైను రాని దీవుల్లో, అడవి పల్లెల్లో మన దేశంలో దీన్ని చాలాకాలంగా వాడుతున్నారు. పశ్చిమ బెంగాల్ సుందర్‌బన్స్‌లో సాగర్ దీవిలోని కమల్‌పూర్‌లో 1996లో ఇలాంటి కేంద్రం పెట్టారు. తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో వందల ఆదివాసీ గ్రామాలకి ఈ పద్ధతిలో దీపాలొచ్చాయి. దీని బలహీనతలు కూడా అందరికీ తెలిసినవే. ఉన్న కరెంటు కొంచెం. ఒక ఇంట్లో పరిమితికి మించి వాడితే మిగతా ఇళ్ళలో దీపాలు త్వరగా ఆరిపోతాయి. బ్యాటరీలు కొన్నేళ్ళకే అరిగిపోతాయి. వాటిని మార్చటానికి డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న దగ్గర చాలా కేంద్రాలు మూతపడ్డాయి.

బీహార్ జెహానాబాద్ జిల్లాలోని ధర్నయి గ్రామం ఇందుకొక ఉదాహరణ. మూడు దశాబ్దాలు చీకట్లో ఉన్న ఆ ఊళ్ళో గ్రీన్‌పీస్ సంస్థ 2014 జూలైలో 100 కిలోవాట్ల మినీగ్రిడ్ ప్రారంభించింది. ప్రపంచమంతా దాని గురించి రాసింది. కొద్ది వారాలకే ముఖ్యమంత్రి స్థాయి నాయకుడు వచ్చినప్పుడు జనం తమకి అసలు కరెంటు కావాలని, నకిలీ కరెంటు వద్దని నినాదాలిచ్చారు. దీపం, ఫ్యాను, సెల్‌ఫోను దాటి ఏది పెట్టుకోవాలన్నా ఆ కరెంటు చాలదు, పైగా ధర ఎక్కువ. తర్వాత పెద్ద లైను వచ్చింది. అది చవక. మినీగ్రిడ్ బ్యాటరీలు పాడయ్యాయి. 2021 నాటికి ఆ కేంద్రం ఆవరణ పశువుల్ని కట్టేసే చోటైందని పత్రికలు రాశాయి. ఈ కథ ఎవరు చెప్పినా మనకి సంస్థ పేరు తెలుస్తుంది, నాయకుడి పేరు తెలుస్తుంది. మిగతావాళ్ళంతా ‘గ్రామస్థులు’ అన్న ఒక్క మాటలో ఇమిడిపోతారు. ఆ మాట వెనక ఎవరున్నారు? పిండిమర కావాలన్నది ఎవరు, టీవీ కావాలన్నది ఎవరు, పొలంలో మోటారు కావాలన్నది ఎవరు, వీధి దీపం చాలన్నది ఎవరు? వీళ్ళందరి అవసరం ఒకటి కాదు. విడివిడిగా పేర్లు లేనిచోట విడివిడి అవసరాలు కూడా కనపడవు. ఎన్ని కిలోవాట్లు పెట్టాలో, ఏ పూట కరెంటు ఇవ్వాలో నిర్ణయించేది ఆ అవసరాల లెక్కే.

ఇక్కడే ఉటంకింపు సంగతి వస్తుంది. వ్యాసం రాసేవాళ్ళు తమకంటే ముందు ఏ సంగతి ఎవరు చెప్పారో పేరు పెట్టి చూపించటమే ఉటంకింపు. వాళ్ళ భాషలో సైటేషన్. మొదట ఇది మర్యాద. 1964లో అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ ఏ వ్యాసాన్ని ఎవరెవరు ఉటంకించారో చూపే సూచిక, సైన్స్ సైటేషన్ ఇండెక్స్, అచ్చువేయటం మొదలుపెట్టాక మర్యాద కాస్తా లెక్కగా మారింది. ఆ లెక్కని బట్టి ఉద్యోగాలు, పదోన్నతులు, పరిశోధన నిధులు వస్తున్నాయి. ఏ మాటకి విలువ, ఎవరిని సలహా సంఘంలోకి పిలవాలి అన్నది కూడా చాలావరకు దాన్నిబట్టే. ఇలాంటి సూచికల్లోకి ఎక్కేవి ఎక్కువగా ఇంగ్లీషు పరిశోధనా పత్రికలు. తెలుగులో ఒక మహిళా సంఘం అచ్చేసిన నివేదికకి అక్కడ చోటు లేదు. అందులో ఎంత నిజం ఉన్నా లెక్కలో అది సున్నా.

మాట ఎంత దూరం ప్రయాణిస్తుందో చూడండి. నార్వే, భారతదేశం, ఆస్ట్రియా పరిశోధకులు సుందర్‌బన్స్ మినీగ్రిడ్లని పరిశీలించి 2011లో ఒక వ్యాసం రాశారు. కిర్‌స్టెన్ ఉల్స్‌రుడ్, తాన్యా వింథర్, దేబజిత్ పాలిత్, హరాల్డ్ రోరాకర్ మొదలైనవారు రచయితలు. అక్కడ నేర్చుకున్న పాఠాలతో కెన్యా పరిశోధకులతో కలిసి కిటుయి ప్రాంతంలో ఇకిసాయా అనే ఊళ్ళో 2012లో సౌరశక్తి కేంద్రం పెట్టించారు. లాంతర్లు అద్దెకిచ్చి, ఫోన్లు చార్జి చేసి ఇచ్చే కేంద్రం అది. తర్వాత అదే బృందంలోనివారు కెన్యాలో సౌర విద్యుత్తు వల్ల స్త్రీల స్థితిలో ఏం మారింది, కరెంటు సరఫరా చేసే పనిలో స్త్రీలకి చోటుందా అని కూడా పరిశోధించారు. మంచి పని. రాసినవాళ్ళలో మొదటి పేర్లు స్త్రీలవే. బెంగాల్ దీవుల్లో తెలిసిన సంగతి ఆఫ్రికాలో ఒక ఊరికి పనికొచ్చిందంటే అది వ్యాసం రూపంలో, పేర్లతో సహా ప్రయాణించింది కాబట్టే. అయితే ఆ దీవుల్లో సాయంత్రం దీపం కోసం ఎదురుచూసిన స్త్రీ తన అనుభవం సముద్రం దాటిందని తెలుసుకునే దారి ఏది? ఆ పరిశోధకుల నిజాయితీ మీద మాకు అనుమానం లేదు. పరిశోధన నడిచే పద్ధతిలోనే ఆమెకి చోటు లేదన్నది మా అభ్యంతరం.

చదువుకున్న స్త్రీలకే అందులో చోటు అంతంతమాత్రం. 1999 నుంచి 2013 దాకా ప్రముఖ ఇంధన పత్రికల్లో వచ్చిన 4,444 వ్యాసాలని బెంజమిన్ సొవాకూల్ పరిశీలించి 2014లో ప్రకటించాడు. 9,549 మంది రచయితల్లో స్త్రీలు 16 శాతం లోపే. వంటింటి పొయ్యి నుంచి వీధి దీపం దాకా ఇంధనం స్త్రీల రోజువారీ సమస్య. దాని గురించి రాసినవాళ్ళు ఆరుగురిలో అయిదుగురు మగవాళ్ళు. అన్ని శాస్త్రాలూ కలిపి 2008–2012 మధ్య వచ్చిన 54 లక్షల పైచిలుకు వ్యాసాలని లెక్కించిన మరో అధ్యయనం 2013లో వచ్చింది. మొదటి పేరు స్త్రీది ఉన్న వ్యాసం ఒకటైతే పురుషుడిది ఉన్నవి దాదాపు రెండు. ముఖ్యమైన స్థానంలో స్త్రీ పేరున్న వ్యాసాలకి ఉటంకింపులు కూడా తక్కువ. 2017లో 15 లక్షల వ్యాసాలు పరిశీలించినవాళ్ళు, మగవాళ్ళు తమ పాత రాతల్ని తామే ఉటంకించుకోవటం స్త్రీలకంటే 56 శాతం ఎక్కువని తేల్చారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో దాదాపు పదివేల పరిశోధన బృందాల సమాచారంతో 2022లో వచ్చిన అధ్యయనం ఇంకా సూటిగా చెప్పింది. ఒకే బృందంలో పనిచేసినా, వ్యాసం మీద పేరు పడే అవకాశం స్త్రీలకి 13 శాతం తక్కువ, పేటెంటు మీద 58 శాతం తక్కువ. అంటే స్త్రీలు తక్కువ రాస్తున్నారన్నది సగం నిజమే. చేసిన పని మీద పేరు పడకపోవటం మిగతా సగం.

ఈ అన్యాయాన్ని పరిశీలించిన శాస్త్రంలోనే ఇదే అన్యాయం జరిగింది. పేరున్నవాళ్ళకే ఇంకా పేరు వచ్చి చేరటాన్ని అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ 1968లో ‘మత్తయి ప్రభావం’ అన్నాడు. మత్తయి సువార్తలోని ఒక మాటని బట్టి పెట్టిన పేరు. ఆ వ్యాసానికి ఆధారం హారియెట్ జుకర్‌మన్ నోబెల్ గ్రహీతలతో జరిపిన ముఖాముఖీలు. వ్యాసం మీద పేరు మాత్రం మెర్టన్‌ది ఒక్కటే. ఆ వ్యాసం ఇద్దరి పేర్లతో రావలసిందని 1973లో ఆయనే రాశాడు. ఆ తర్వాత 1993లో చరిత్రకారిణి మార్గరెట్ రోసిటర్, శాస్త్రరంగంలో స్త్రీల పనికి గుర్తింపు దక్కకుండా పోవటానికి ‘మటిల్డా ప్రభావం’ అని పేరు పెట్టింది. మటిల్డా గేజ్ 19వ శతాబ్దపు అమెరికన్ స్త్రీ హక్కుల కార్యకర్త. కొత్త యంత్రాలు కనిపెట్టిన స్త్రీల గురించి ఆనాడే రాసిన మనిషి. ఆమెనీ చరిత్ర మరిచిపోయింది కాబట్టే ఆ పేరు.

ఈ లెక్కలన్నీ విశ్వవిద్యాలయాల లోపలి స్త్రీల గురించి. వాటికి బయట రెండు వర్గాలున్నాయి. ఒకటి, మాట చెప్పే పల్లె స్త్రీలు. వాళ్ళలో దళిత, ఆదివాసీ స్త్రీలు ఎక్కువ, ఎందుకంటే పెద్ద లైను చివరగా చేరేది వాళ్ళ వాడలకీ గూడేలకే. రెండు, స్వచ్ఛంద సంస్థల్లో తక్కువ జీతాలకి ఎండల్లో తిరిగి సర్వే కాగితాలు నింపే కార్యకర్తలు. మొదటివాళ్ళు వ్యాసంలో ‘సమాచారం’గా మారతారు. రెండోవాళ్ళు, అదృష్టం బాగుంటే, చివరి పేజీలో కృతజ్ఞతల కింద ఒక వాక్యమవుతారు. కృతజ్ఞతల పేజీని ఎవరూ ఉటంకించరు.

ఉదాహరణకి ఉత్తరప్రదేశ్ బారాబంకీ జిల్లాలో చిన్న సౌర గ్రిడ్లపై జరిగిన పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. 1,281 కుటుంబాలని అడిగారు. కిరోసిన్ ఖర్చు తగ్గింది కానీ పొదుపు, వ్యాపారం, చదివే సమయం వంటి వాటిలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదని తేల్చారు. సౌర విద్యుత్తు అన్ని కష్టాలూ తీరుస్తుందనే ప్రచారానికి ఇది అవసరమైన జవాబు. వ్యాసం మీద నాలుగు పేర్లున్నాయి, నలుగురూ పురుషులు. అన్ని ఇళ్ళలో ప్రశ్నలడిగిన శ్రమ, సమాధానాలిచ్చిన శ్రమ లేకపోతే ఆ నాలుగు పేర్లకి రాయటానికేమీ ఉండదు.

పేరు పడినా ఎలా పడుతుందన్నది ఇంకో ప్రశ్న. రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీ, చదువురాని పల్లె స్త్రీలకి, వాళ్ళలో ఎందరో ఆఫ్రికా నుంచి వచ్చిన అమ్మమ్మలు, రంగుల గుర్తులతో, సైగలతో ఆరు నెలల్లో సోలార్ పరికరాలు బిగించటం, మరమ్మతు చేయటం నేర్పింది. స్త్రీలకి సాంకేతిక జ్ఞానం అబ్బదనేవాళ్ళకి అదొక చెంపపెట్టు. 2010లో టైమ్ పత్రిక ప్రపంచంలో ప్రభావం చూపిన వందమందిలో ఒకరిగా ఎంచింది మాత్రం స్థాపకుడు బంకర్ రాయ్‌ని. ఆ స్త్రీలని ప్రపంచం ‘సోలార్ మామాలు’ అంటుంది. ముద్దుపేరే, కాదనం. కానీ ఇంజనీరుకి ఇంటిపేరుతో సహా పేరుంటుంది, అమ్మకి అమ్మ అన్న పిలుపే చాలు అనుకోవటం మనకి బాగా తెలిసిన ఆలోచన.

ఇంకో పద్ధతి సాధ్యమేనని తెలుగు నేల ఎప్పుడో చూపించింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ పేర్లతో, తమ గొంతుతో మాట్లాడారు. పుస్తకం తెచ్చినవాళ్ళు సమష్టిగా సంస్థ పేరు పెట్టుకున్నారు, చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం చెరపలేదు. అందుకే ఆ స్త్రీలు చరిత్రలో ఆధారాలుగా నిలిచారు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు కెమెరా పట్టుకుని, వరంగల్ రైతులకి బీటీ పత్తి వల్ల జరిగిన నష్టం మీద 2003లో సినిమా తీశారు. 2008 నుంచి మాచనూరులో సొంత రేడియో నడిపారు. చదువు రాకపోవటం రచయిత్రి కావటానికి అడ్డం కాదని అంతకంటే రుజువేం కావాలి?

మా మాటకి వచ్చే అభ్యంతరాలు తెలుసు. సమాధానం చెప్పిన ప్రతివాళ్ళూ రచయితలేనా? కాదు. రచయిత అంటే రాసినదానికి జవాబుదారీ కూడా. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం ఇందుకు నాలుగు షరతులు పెట్టింది. పనిలో గణనీయమైన భాగం ఉండాలి, రాయటంలోనో సవరించటంలోనో పాల్గొనాలి, తుదిరూపాన్ని ఆమోదించాలి, జవాబుదారీ వహించాలి. సర్వే కార్యకర్తలకి పేరివ్వకపోవటానికి సాధారణంగా చెప్పే సాకు రెండోది, వాళ్ళు రాయలేదు కదా అని. కానీ అదే నిబంధనలో ఇంకో మాట ఉంది. మొదటి షరతు తీర్చినవాళ్ళకి మిగతా పనుల్లో పాల్గొనే అవకాశం ఇవ్వాలి, అవకాశం ఇవ్వకుండా అనర్హులనకూడదు. ఈ సంగతి మన కార్యకర్తలు గుర్తుపెట్టుకుని అడగాలి. పరిశోధనలో ఎవరే పని చేశారో 14 రకాలుగా విడదీసి చూపించే పద్ధతి కూడా 2014 నుంచి ఉంది. సమాచార సేకరణ అందులో ఒక పనిగా లెక్క. అందరూ రచయితలు కాకపోయినా ఎవరి పని వాళ్ళ పేర కనపడటానికి దారి ఉంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పేరు బయటపెడితే ఆమెకి ప్రమాదం కదా? నిజమే. కరెంటు మీటరు దగ్గర పెత్తనం చేసే పెద్దమనిషి గురించో, బిల్లు డబ్బు తాగేసే భర్త గురించో చెప్పినామె పేరు అచ్చువేస్తే ఆమె ఊళ్ళో బతకటం కష్టం కావచ్చు. అలాంటప్పుడు పేరు దాచటమే న్యాయం. కానీ ఆ నిర్ణయం ఆమెది కావాలి. భద్రత పేరుతో అందరి పేర్లూ ఒకే దెబ్బకి తుడిచెయ్యటం రక్షణ కాదు, అది సౌకర్యం.

అందుకని స్త్రీల సంఘాలూ, స్వచ్ఛంద సంస్థలూ ఈ కిందివి పట్టుబట్టి అమలు చెయ్యాలని కోరుతున్నాం.

1. బయటివాళ్ళు పరిశోధనకి వచ్చినప్పుడు పని మొదలుపెట్టకముందే కాగితం మీద ఒప్పందం ఉండాలి. ఎవరు రచయితలు, ఎవరి పని ఎలా పేర్కొంటారు, సమాచారం ప్రతి ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి అందులో రాయాలి.

2. సర్వే కాగితంలో ‘కుటుంబ యజమాని’ గడి ఒక్కటే చాలదు. జవాబు చెప్పిందెవరో రాయాలి. ఇంట్లో స్త్రీనీ పురుషుడినీ విడిగా అడగాలి.

3. పేరు వెయ్యాలా, దాచాలా అన్నది చెప్పినామెనే అడగాలి. చెప్పినప్పుడొకసారి, అచ్చుకి ముందొకసారి.

4. రాసినదాన్ని తెలుగులో తెచ్చి సంఘం మీటింగులో చదివి వినిపించాలి. అక్కడ వచ్చిన సవరణలు, అభ్యంతరాలు చేర్చాలి.

5. మన సొంత నివేదికల మీద రాసినవాళ్ళ పేర్లు, ఊరు, నెల, సంవత్సరం తప్పక ఉండాలి. ఒక ప్రతి గ్రంథాలయంలో చేరాలి. తేదీ, పేరు లేని కాగితాన్ని ఎవరూ ఉటంకించలేరు.

6. మనం రాసేటప్పుడు, ఉపన్యాసాలిచ్చేటప్పుడు, ఏ ఊళ్ళో ఏ స్త్రీ దగ్గర, ఏ కార్యకర్త దగ్గర విన్నామో, వాళ్ళు ఒప్పుకుంటే, పేరు పెట్టి చెప్పాలి. ఉటంకింపు మన దగ్గరే మొదలు కావాలి.

ఇది ఇప్పుడే ఎందుకంటే, పల్లెల్లో సౌర విద్యుత్తు ఇప్పుడు కొత్త మలుపులో ఉంది. 2017లో మొదలైన సౌభాగ్య పథకంతో పెద్ద లైను చాలా ఊళ్ళకి చేరాక ఎన్నో మినీగ్రిడ్లు పక్కకిపోయాయి. ఇప్పుడు ప్రభుత్వాలు స్త్రీల సంఘాల వైపే చూస్తున్నాయి. స్వయం సహాయక సంఘాల చేత వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాలు పెట్టిస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఇవి మినీగ్రిడ్లు కావు, పెద్ద లైనుకి కరెంటు అమ్మే కేంద్రాలు. అయినా ప్రశ్న అదే. అప్పు ఎవరి పేర, భూమి ఎవరి పేర, కేంద్రం నడిపే జ్ఞానం ఎవరి చేతుల్లో, లాభనష్టాల కథ రాసేదెవరు? ఈ పనుల మీద రేపు నివేదికలొస్తాయి, వ్యాసాలొస్తాయి, వాటిని ఉటంకిస్తూ ఇంకో రాష్ట్రంలో ఇంకో పథకం వస్తుంది. అందులో ‘లబ్ధిదారులు’ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో, మనుషుల పేర్లు ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టండి.

మీ ప్రాంతంలో జరిగిన సర్వేలు, పరిశోధనల్లో కార్యకర్తలకీ, సంఘ సభ్యులకీ ఎలాంటి గుర్తింపు దక్కిందో, ఎక్కడ దక్కలేదో మాకు రాయండి. మంచి ఒప్పందం ఎక్కడైనా కుదిరితే దాని నకలు పంపండి, మిగతా సంఘాలకి పనికొస్తుంది. మీరు పంపినవి మీ పేర్లతోనే వేస్తాం. వద్దంటే వెయ్యం.